కువైట్, దుబాయ్ క్యాంపుల్లో మనోళ్ల కష్టాలు రాసుకుని రావాలి: ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు?

సోంపేట_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర చిన్న సేవా సంఘం. కంచిలి, కవిటి, మందస, ఇచ్ఛాపురం మండలాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి. జీతం నెలల తరబడి ఇవ్వట్లేదని, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉందని, వెల్డర్ అని తీసుకెళ్లి పార పట్టించారని. వచ్చే నెల ఇద్దరం విజిట్ వీసా మీద పది రోజులు దుబాయ్, వారం రోజులు కువైట్ వెళ్తున్నాం. కూలీలు ఉండే క్యాంపుల్లోకి వెళ్లి మనోళ్లని కలిసి, వీడియోలు తీసి, తిరిగొచ్చాక అధికారులకి ఇద్దామని ఆలోచన. అక్కడ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి పంచడానికి కొంత చందా కూడా పోగుచేస్తన్నాం.

అడగాల్సింది ఏటంటే: ఒక మనిషి చెప్పింది రేపు ఎంబసీలోనో కోర్టులోనో నిలబడాలంటే ఎలా రాసుకోవాలి? ఏది అన్యాయం, ఏది చట్టవిరుద్ధం అని తేడా ఎలా తెలుస్తుంది? మా వల్ల వాళ్లకి కొత్త తలనొప్పి రాకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

వంశధార_గట్టు

తమ్ముడూ, ముందు చందా సంగతి చెప్పేస్తాను. మీరు ఇరుక్కునేది అక్కడే. యూఏఈలో లైసెన్సు లేనివాళ్లు ఎవరి కోసమైనా సరే చందా అడగడం, పోగుచెయ్యడం నేరం. 2021లో వచ్చిన 3వ నంబరు ఫెడరల్ చట్టం ఉంది దానికి. "మన ఊరబ్బాయికి టికెట్ కావాలి, తలో యాభై దిర్హమ్‌లు వెయ్యండి" అని వాట్సాప్‌లో పెట్టినా దాని కిందకే వస్తాది. కువైట్‌లోనూ అనుమతి లేని వసూళ్లు కుదరవు. ఊళ్లో పోగైంది ఊళ్లోనే, ఇబ్బందుల్లో ఉన్నవాళ్ల ఇళ్లకి ఇచ్చెయ్యండి, అప్పు వడ్డీకైనా పనికొస్తాది. టికెట్, తాత్కాలిక వసతి, లాయరు ఖర్చు, శవాన్ని ఇంటికి చేర్చడం లాంటివాటికి ఎంబసీల దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ 2009 నుంచి ఉంది. గతిలేని పరిస్థితి అని చూపిస్తే అందులోంచి ఇస్తారు.

రెండోది, క్యాంపులోకి వెళ్లకండి. దుబాయ్‌లో సోనాపూర్, అల్ కూజ్, జబల్ అలీ క్యాంపులైనా, కువైట్‌లో మహబూలా, జలీబ్ బిల్డింగులైనా కంపెనీ అనుమతి లేకుండా బయటివాళ్లు లోపలికి వెళ్తే గేటు దగ్గర మీ పేరు రాసుకుంటారు. మీరు వారంలో విమానం ఎక్కేస్తారు, మిమ్మల్ని లోపలికి తీసుకెళ్లినవాడు అక్కడే ఉండిపోతాడు. సెలవు రోజున బయట టీ కొట్టు దగ్గరో, పార్కులోనో ఒక్కొక్కళ్లనీ విడివిడిగా కలవండి. గుంపుగా కూర్చోబెడితే ఒకడు చెప్పిందే అందరూ చెప్తారు. పైగా ఆ గుంపులో ఫోర్‌మన్‌కి చేరవేసేవాడు ఒకడు ఉంటాడు.

ఇక రాసుకోవడం. అనుమతి అని ఒక్క మాట అడిగి వదిలెయ్యకూడదు, మూడు మెట్లుగా అడగాలి. మీ పుస్తకంలో మాత్రమే ఉండాలా? పేరుతో ఎంబసీకి, లాయరుకి ఇవ్వొచ్చా? పేరు లేకుండా బయట చెప్పొచ్చా? మూడింటికీ మూడు జవాబులు రాసుకోండి. మొదటిదానికి సరే అన్న మనిషి మూడోదానికి వద్దనడం మామూలే. రేపు మనసు మార్చుకుంటే తీసేస్తామని చెప్పండి, తీసెయ్యండి కూడా. "మీ జీతం ఇప్పిస్తాం" అన్న మాట మాత్రం నోటెంట రానివ్వకండి.

ప్రశ్నలు ఎలా వెయ్యాలంటే, "నిన్ను కొట్టారా?" అని కాదు, "ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పు" అని. అతను చెప్పిన మాట అతని మాటగానే రాయండి. "హింసించారు" అని మీరు రాస్తే పనికిరాదు. "సూపర్‌వైజర్ ఇనప గొట్టంతో ఎడమ మోచేతి మీద రెండు దెబ్బలు వేశాడు" అని అతను అంటే అదే రాయాలి. కళ్లారా చూసింది వేరే, విన్నది వేరే. విన్నదాని పక్కన ఎవరి దగ్గర విన్నాడో రాయండి.

తేదీలు గుర్తుండవు. మనోళ్లకి పండగలు, తుఫాన్లు గుర్తుంటాయి. ఇంటి దగ్గర తల్లినో భార్యనో అడిగేటప్పుడు "తిత్లీకి ముందా, తర్వాతా?" అంటే 2018 అక్టోబర్ 11కి అటో ఇటో తేలిపోతాది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12. తర్వాత పాస్‌పోర్టు మీది ముద్రతో సరిచూసుకోండి. చెప్పిన తేదీకీ ముద్రకీ తేడా వస్తే అబద్ధం అనుకోకండి, రెండూ రాసి పక్కన "తేడా ఉంది" అని పెట్టండి.

గాయాల మీద మీరు తీర్పు చెప్పకూడదు. ఆసుపత్రి కాగితం ఉంటే దాన్ని ఫొటో తీయండి. లేకపోతే, అతను ఒప్పుకుంటే, మచ్చని పక్కన స్కేలో నాణేమో పెట్టి ఒకటి దగ్గర్నుంచి, ఒకటి దూరం నుంచి తీయండి. మొహం పడకూడదు. హింస జరిగిన తీరుని నమోదు చెయ్యడానికి ఐక్యరాజ్యసమితి వాడే ఇస్తాంబుల్ ప్రోటోకాల్ 1999 నాటిది, 2022లో సవరించారు. అందులో కూడా వైద్య పరీక్ష వైద్యుల పనే. అన్నట్టు, ఏడుస్తున్న మనిషిని అదే సంగతి రెండోసారి చెప్పమనకండి. ఫోన్ సరిగా రికార్డు కాలేదన్నా సరే.

---

కాశీబుగ్గ_వకీలు

పైన చెప్పినవన్నీ సరైనవే. చట్టం వైపు నుంచి కొన్ని కలుపుతాను.

మీ ఆలోచనలో పెద్ద లోపం "తిరిగొచ్చాక ఇద్దాం" అనడం. ఫిర్యాదు ఆ మనిషి అక్కడుండగానే, అతని పేరు మీదే పడాలి. యూఏఈలో పని మానేసిన నాటి నుంచి రెండేళ్లలోపు కార్మిక మంత్రిత్వ శాఖకి వెళ్లాలి. 2024 ఆగస్టు 31 దాకా ఈ గడువు ఒక్క ఏడాదే ఉండేది. 50,000 దిర్హమ్‌లు దాటని వివాదాన్ని మంత్రిత్వ శాఖే తేల్చగలదు. కువైట్ ప్రైవేటు రంగ చట్టంలో (2010 నాటి 6వ నంబరు) గడువు ఒప్పందం ముగిసిన ఏడాది. జీతం బాకీ ఉండగా ఇంటికి రావాల్సివస్తే, విమానం ఎక్కకముందే అక్కడి లాయరుకో నమ్మకమైన మనిషికో పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున కేసు నడిపే అధికార పత్రం, రాసివ్వాలి. అది లేకుండా ఇచ్ఛాపురంలో దిగితే ఆ బాకీ దాదాపు పోయినట్టే.

"అంతా ముట్టింది" అని అరబ్బీలో రాసున్న కాగితం మీద సంతకం పెట్టించుకుని టికెట్ చేతిలో పెడతారు. సంతకం పెట్టే ముందు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఎవరికైనా పంపమనండి. బాకీ ఉంటే సంతకం పక్కనే తెలుగులోనైనా "జీతం ముట్టలేదు" అని రాయమనండి. కోర్టులో అదే గెలిపిస్తుందని చెప్పను, కానీ ఏమీ లేనిదానికన్నా నయం.

పాస్‌పోర్టు: అది భారత ప్రభుత్వ ఆస్తి, 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్. యజమాని దాన్ని పట్టిపెట్టుకోవడం యూఏఈలోనూ కువైట్‌లోనూ చట్టవిరుద్ధం. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకి కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది: రోజుకి 12 గంటలకి మించి పని లేదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. ఇంకో సంగతి, 2025 జూలై 1 నుంచి కువైట్‌లో 18వ ఆర్టికల్ వీసా ఉన్నవాళ్లు, అంటే మనోళ్లు షూన్ వీసా అనే ప్రైవేటు కంపెనీ ఉద్యోగుల వీసా, దేశం దాటాలంటే యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి. పాస్‌పోర్టు చేతికొచ్చింది కదా అని టికెట్ కొనేస్తే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు.

వీడియోల గురించి గట్టిగా చెప్తున్నాను. యూఏఈలో 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉన్న సైబర్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా మనిషి ఫొటో తీయడం, పెట్టడం నేరం. కువైట్‌లోనూ అంతే. గేటు, వాచ్‌మన్, సూపర్‌వైజర్ మీ ఫ్రేములో పడినా కేసు కావచ్చు.

ఏది అన్యాయం, ఏది నేరం అన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు శ్రమకి 11 గుర్తులు చెప్పింది. మోసం చేసి తేవడం, గుర్తింపు కాగితాలు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టేయడం, కదలనివ్వకపోవడం, బెదిరింపు, కొట్టడం, ఒంటరిని చెయ్యడం, మితిమీరిన ఓవర్‌టైం, బతకలేని వసతి, నిస్సహాయతని వాడుకోవడం. ఒక్క గుర్తు ఉంటేనే బలవంతపు శ్రమ అనెయ్యకండి. ఏ మనిషికి ఎన్ని గుర్తులు కలిసి ఉన్నాయో రాయండి. మూడు నాలుగు కలిసి కనబడితే అది ఒట్టి జీతం తగాదా కాదు, బలవంతపు శ్రమ కావచ్చు. ఎంబసీకి రాసే మొదటి వాక్యంలోనే ఆ మాట ఉండాలి.

---

రిగ్గర్_లెక్కలు

చట్టం వకీలు గారు చెప్పారు, నేను లెక్క చెప్తాను. "ఓవర్‌టైం సరిగా ఇవ్వట్లేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు, అంకె కావాలి. యూఏఈలో ఓవర్‌టైం గంటకి బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) మీద 25 శాతం ఎక్కువ, రాత్రి 10 నుంచి తెల్లవారి 4 మధ్య అయితే 50 శాతం. బేసిక్ 960 దిర్హమ్‌లు అనుకోండి. 30 రోజులు, రోజుకి 8 గంటలు, అంటే 240 గంటలు. గంటకి 4 దిర్హమ్‌లు, ఓవర్‌టైం గంటకి 5. రోజుకి 2 గంటల చొప్పున 26 రోజులు చేస్తే 260 దిర్హమ్‌లు రావాలి. మొత్తం జీతం 1,400 అని ఏజెంట్ చెప్పినా బేసిక్ 600 వేసి మిగతాది అలవెన్సు కింద చూపించే కంపెనీలు ఉంటాయి, ఓవర్‌టైం, చివర్లో వచ్చే గ్రాట్యుటీ తగ్గించడానికి. అందుకని జీతం ఎంత అని కాదు, బేసిక్ ఎంత అని అడగండి. జీతం పడే కార్డు స్టేట్‌మెంట్, టైమ్‌షీట్ రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. టైమ్‌షీట్ ఇవ్వకపోతే బస్సు ఎక్కిన టైం, దిగిన టైం రోజూ చిన్న పుస్తకంలో తన చేత్తో రాసుకోమనండి.

ఎండ పని: యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు, కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని నిషేధం. ఆ టైంలో పని చేయించారంటే తేదీ, సైటు పేరు రాస్తే చాలు, అది సూటిగా ఉల్లంఘన.

గది గురించి తప్పకుండా అడగండి. 2024 జూన్ 12న కువైట్ మంగాఫ్ బిల్డింగ్ అగ్నిప్రమాదంలో 45 మంది భారతీయులు పోయారు, అందులో ఒకరు మన సోంపేట మండలం వారు. గదుల మధ్య మండే సామానుతో పార్టిషన్లు ఉండటం, పైకప్పు తలుపు తాళం వేసి ఉండటం ప్రాణాలు తీశాయి. కాబట్టి గదికి ఎంతమంది, గ్యాస్ సిలిండర్లు ఎక్కడ పెడతారు, మెట్లు ఎన్ని, పైతలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుంది. ఈ నాలుగూ అడిగి రాసుకోండి. జీతం బాకీ ఆరు నెలలైనా ఆగుతుంది, ఇది ఒక్క రాత్రి కూడా ఆగదు.

ఒక్క విషయంలో మాత్రం పైవాళ్లతో ఒప్పుకోను. ఏడుస్తూ పెట్టిన సెల్ఫీ వీడియో టీవీలో వస్తేనే ఆఫీసులు కదిలిన సందర్భాలు అందరం చూశాం. పూర్తిగా వద్దనడం సరికాదు.

---

వంశధార_గట్టు

బావా, కదులుతాయి, కాదనను. కానీ ఆ వీడియోలో కంపెనీ పేరు చెప్తే పరువు నష్టం కేసు ఆ కుర్రాడి మీదే పడతాది. కంపెనీ వెంటనే "పారిపోయాడు" అని రిపోర్టు కొడతాది. అప్పట్నుంచి బయట తిరిగితే ఖల్లివల్లి కింద, అంటే కాగితాలు లేనివాడి కింద, పట్టుకుంటారు. జీతం కేసు కాస్తా వీసా కేసు అయిపోతాది. వీడియో తీయమనండి, తీసి ఇంటికీ ఎంబసీకీ పంపమనండి. ఫేస్‌బుక్‌లో పెట్టాలా వద్దా అన్నది అతను విమానం దిగాక చూసుకోవచ్చు.

పంపేటప్పుడు కూడా ఒక చిన్న సంగతి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తాది, ఎప్పుడు తీసిందో చెప్పే వివరం పోతాది. "డాక్యుమెంట్" అని ఎంచుకుని పంపాలి. అసలు ఫైలు అతని ఫోన్‌లోంచి చెరిపెయ్యకూడదు. మీ దగ్గర పేర్లు వద్దు, "శ్రీ-కు-03" లాంటి గుర్తులు వాడండి. ఏ గుర్తు ఎవరిదో రాసిన కాగితం సోంపేటలోనే ఉండిపోవాలి, మీతో విమానం ఎక్కకూడదు.

---

సోంపేట_కుర్రోడు

చాలా థాంక్స్ అన్నలూ, వకీలు గారూ. చందా ఆపేశాం, క్యాంపులోకి వెళ్లడం మానుకున్నాం. ఇంకొక్క ప్రశ్న. గల్ఫ్ కాకుండా "థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, నెలకి లక్ష" అనే ఏజెంట్లు మా వైపు డిగ్రీ చదివిన కుర్రాళ్ల వెంట పడుతున్నారు. అక్కడ ఇరుక్కున్నవాళ్ల ఇళ్లవాళ్లు వస్తే ఏటి చెప్పాలి?

---

నాగావళి

దీని పద్ధతే వేరు. గల్ఫ్ వెళ్లే పదో తరగతి పాసవ్వని మనిషికి ఈసీఆర్ (వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరమైన) పాస్‌పోర్టు, 18 దేశాలకి ఎమిగ్రేషన్ క్లియరెన్సు, ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంట్ లైసెన్సు నంబరు, ఇలా కొంత అడ్డు ఉంటుంది. డిగ్రీ కుర్రాడికి ఆ అడ్డేమీ లేదు. థాయ్‌లాండ్ ఆ 18లో ఉన్నా అతనికి క్లియరెన్సు అక్కర్లేదు. మయన్మార్, కంబోడియా, లావోస్ అసలు జాబితాలోనే లేవు. బ్యాంకాక్‌లో దిగాక ఆఫీసుకని కారెక్కించి వాయవ్యంగా మే సాట్ వైపు తీసుకెళ్తారు. అక్కడ మోయ్ నది దాటితే మయన్మార్‌లోని మ్యావడ్డీ. పాస్‌పోర్టు తీసేసుకుని, ప్రేమ పేరుతోనో పెట్టుబడి పేరుతోనో మనవాళ్లనే ఫోన్లో మోసం చేయిస్తారు. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో దాదాపు లక్ష మంది ఇలా బలవంతంగా పనిచేస్తుండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో చెప్పింది. 2025 మార్చిలో రెండు రోజుల్లో 549 మంది భారతీయుల్ని మే సాట్ నుంచి వాయుసేన విమానాల్లో తెచ్చారు.

కారు బ్యాంకాక్ దాటి నాలుగైదు గంటలు పరిగెడుతోందంటే అదే ఆఖరి అవకాశం. నది దాటకముందు పెట్రోల్ బంకులో ఆగినప్పుడు దిగిపోయి టూరిస్ట్ పోలీస్ 1155కి ఫోన్ చెయ్యాలి. మామూలు పోలీస్ 191. నది దాటాక థాయ్ పోలీసులు చెయ్యగలిగింది చాలా తక్కువ.

లోపల ఉన్నవాడి ఇంటివాళ్లు వస్తే మొదట పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లండి. తమ పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్, అంటే ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే ఎఫ్ఐఆర్, అడగండి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ దానికే ఉంది. ఏజెంట్ మీద మనుషుల అక్రమ రవాణా, భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్, పెట్టమనండి. ఒక్క మోసం సెక్షన్ పెట్టి వదిలేస్తే చాలదు. తేదీ చాలా ముఖ్యం. అతను బయటపడ్డాక "నువ్వు కూడా మోసగాడివే కదా" అని అక్కడా ఇక్కడా అడుగుతారు. అతను రాకముందే ఇంటివాళ్లు ఇచ్చిన ఎఫ్ఐఆర్, బతిమాలుతూ పంపిన మెసేజ్‌లు, అతను బలవంతంగా అక్కడున్నాడని చూపిస్తాయి. డబ్బు కడితే వదిలేస్తామంటారు. కట్టాక ఇంకో కంపెనీకి అమ్మేసిన ఉదంతాలున్నాయి, పోలీసులకి తెలియకుండా పైసా పంపొద్దనండి. లొకేషన్, కిటికీలోంచి కనబడే బిల్డింగు, గేటు నంబరు, ఏది దొరికితే అది ఎంబసీకి పంపాలి. అతని ఫోన్‌లో చాట్ వెంటనే చెరిపేయమనాలి, ఇంటివాళ్లు మాత్రం చెరపకూడదు.

---

కాశీబుగ్గ_వకీలు

మీరు బయల్దేరే ముందు ఇంటి దగ్గర చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్రతి ఇంటి నుంచీ ఇవి తీసుకోండి: పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా కాపీ, బతాకా (కువైట్ గుర్తింపు కార్డు) లేదా ఎమిరేట్స్ ఐడీ (యూఏఈ గుర్తింపు కార్డు) ఫొటో, ఒప్పందం, ఏజెంట్‌కి డబ్బిచ్చిన రుజువు. లైసెన్సున్న ఏజెంట్ తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 35,400. లక్షన్నర కట్టాం అంటే ఆ పైదంతా 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఫిర్యాదు చెయ్యదగ్గదే. రసీదు ఇవ్వరు కాబట్టి ఫోన్‌పే, బ్యాంకు ఎంట్రీ, సాక్షి, ఏది ఉంటే అది పట్టుకోండి. వడ్డీ ఎంతకి తెచ్చారో కూడా రాయండి. నూటికి మూడు చొప్పున లక్షన్నరకి నెలకి 4,500 అవుతుంది. జీతం రాకపోయినా ఆ మనిషి ఎందుకు తిరిగి రాలేకపోతున్నాడో ఆ అంకే చెప్తుంది.

ఆ కాగితాలతో విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ మదద్ పోర్టల్‌లో ఇంటివాళ్లే ఫిర్యాదు నమోదు చెయ్యొచ్చు. మీరు వెళ్లేలోపు రిజిస్ట్రేషన్ నంబరు చేతికొస్తుంది, దుబాయ్ కాన్సులేట్‌లో, కువైట్ ఎంబసీలో ఆ నంబరు చూపించి మాట్లాడండి. యూఏఈలో ఉన్నవాళ్లకి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342, ఇక్కడి నుంచి చేసేవాళ్లకి 1800 11 3090. లాయరుకి డబ్బుల్లేవంటే శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100.

ఈసీఆర్ మీద వెళ్లినవాళ్లకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకి 275, మూడేళ్లకి 375 రూపాయల ప్రీమియం, ప్రమాదంలో పోయినా శాశ్వతంగా వైకల్యం వచ్చి ఉద్యోగం పోయినా 10 లక్షలు. పాలసీ ఉందని చాలా ఇళ్లల్లో తెలియదు, మూడేళ్లు దాటాక రెన్యూ చెయ్యరు. అక్కడ కలిసిన ప్రతి మనిషి చేతా పాలసీ కాగితం ఫొటో తీయించి, మీ ముందే వాళ్ల ఇంటికి పంపించెయ్యమనండి.